నా సీలు నేనే పగలగొట్టాను

నా సర్వీసులో నేను వేసిన సీళ్లకు లెక్క లేదు. గుడుంబా బట్టీలకు వేశాను, బెల్టు షాపులకు వేశాను, ఒకసారి కోళ్ల గూటికి కూడా వేశాను. ఆ గూట్లో కోళ్ల కింద సారా డబ్బాలు ఉండేవి. పగలగొట్టింది మాత్రం ఒక్కటే, అదీ నేను వేసిందే. దాని మూలంగా నాకు ఛార్జి మెమో వచ్చింది, పదోన్నతి ఆగింది, రిటైరైన రోజు వేసిన దండలో పూలు కూడా తక్కువే ఉన్నాయని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఇంటికి వచ్చి, "గట్లెందుకు చేసిన్రు సార్? ఇప్పుడైతే చేయరు గద?" అని అడిగారు. చేస్తాను. రేపు పిలిచినా వెళ్లి చేస్తాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను పాలమూరు పడమటి వైపు, కోస్గి దాటాక వచ్చే ఒక ఊరికి ఆబ్కారీ, అంటే ఎక్సైజు, ఎస్సైగా వేశారు. నాది నల్లగొండ దిక్కు. కానిస్టేబుల్‌గా చేరి ఒక్కో మెట్టూ ఎక్కినవాణ్ని. నాకు కల్లు కొత్త కాదు. మా వైపు బోనాలకు కల్లు ఉండాలి, పెద్దలకు పెట్టేటప్పుడు కల్లు ఉండాలి, చావు జరిగిన ఇంట్లో నోటి చేదు పోవాలని చుట్టాలు తెచ్చి పోసేదీ కల్లే. ఎండకాలంలో వేడి చేసిందంటే మా అవ్వ పొద్దున్నే తాటి కల్లు గ్లాసెడు పోసి తాగమనేది. అందుకే కల్లు తాగేవాణ్ని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు.

కానీ ఆ ఊరి కల్లు డిపోలో అమ్మేది కల్లు కాదు. ఊరి చుట్టూ ఉన్న ఈత చెట్లన్నీ గీసినా ఆ డిపోలో ఒక పూట అమ్మే సీసాల్లో సగం కూడా నిండవు. మిగతాది నీళ్లు, చక్కెర, తెల్ల పొడి. ఆ పొడి నిద్రమాత్రల జాతిది. డైజోఫాం అంటే ఆ ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. చెట్టు ఎక్కే గౌడు ఒకాయన నాకు మొదటి వారంలోనే చెప్పాడు.

"చెట్టు కల్లు నేను గీస్త సార్. డిపో కల్లు ఏ చెట్టుకు పుట్టిందో నాకు తెల్వది."

పొద్దున కూలికి పోయే ముందు ఆడవాళ్లు, మగవాళ్లు ఒక సీసా తాగి పోయేవారు. సాయంత్రం వచ్చి రెండు తాగేవారు. డిపో అంటే రేకుల షెడ్డు, మూడు వైపులా గోడ, గోడవారగా బండ అరుగులు. ఎవరి చోటు వారిదే. ఏళ్ల తరబడి ఆనుకుని కూర్చున్న వీపుల జిడ్డుతో గోడ మీద నల్లగా మచ్చలు పడ్డాయి. ఫలానా మచ్చ ఫలానావాళ్లది అని ఊరంతా చెప్పగలదు.

అందులో ఒక మచ్చ మా హెడ్ కానిస్టేబుల్‌ది.

ఆయన నాకంటే మూడేళ్లు పెద్ద. హోదాలో నేను పైన ఉన్నా, ఎవరూ లేనప్పుడు అన్నా అనే పిలిచేవాణ్ని. పంచనామా రాయడంలో ఆయన తరువాతే ఎవరైనా. అక్షరాలు నాట్లేసిన వరి మడిలా వరసగా, నిటారుగా ఉండేవి. ఆయన రాసిన కాగితం చూసి కోర్టులో జడ్జిగారు ఎవరిదీ చేతిరాత అని అడిగిన సందర్భం ఉంది. ఆయన రోజూ సాయంత్రం డిపోకు పోయి ఒక సీసా తాగి వచ్చేవాడు. నేను మందలిస్తే నవ్వేవాడు.

"నాది స్పెషల్ సీసా సార్. నా కోసమని చెట్టు కల్లు పక్కకు పెడ్తడు. ఆబ్కారోనికి కల్తీ కల్లు పోసే ధైర్యం వానికున్నదా?"

ఆ మాట నేను నమ్మాను. ఒకటి రెండుసార్లు ఆ స్పెషల్ సీసా నేనూ రుచి చూశాను. ఖాకీ చొక్కాకు భయపడి కల్తీ పక్కకు జరుగుతుందని నమ్మేంత వెర్రివాళ్లం మేం. ఇలాంటి తప్పు మా ఉద్యోగంలో ఉన్నవాళ్లే చేయగలరు.

నేను శాంపిళ్లు తీయించి ల్యాబుకు పంపాను. కల్తీ అని రిపోర్టు వచ్చింది. డిపో మూసేయాలని పైకి రాసి, వెంటపడి, ఆర్డరు తెప్పించాను. ఆ రోజు పొద్దున నేను వేసుకున్న యూనిఫాం మా ఆవిడ రెండుసార్లు ఇస్త్రీ చేసింది. తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క కరిగించి, నా ఇత్తడి ముద్ర ఒత్తాను. పత్రిక వాళ్లు ఫోటో తీశారు. హెడ్డు పంచనామా రాశాడు. ఊరు ఊరంతా రోడ్డుకు అవతల నిలబడి చూస్తోంది.

గుంపులోంచి ఒక గొల్లామె ముందుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మొగుడు పోయాక తమ్ముడి ఇంటి పక్కనే ఉంటూ, ఒక్కతే ముప్పై గొర్రెలు మేపుకుంటోంది. భుజాన గొంగడి, చేతిలో కట్టె.

"సారూ, మరి రేపు పొద్దుగాల మేం ఏం తాగాలె?"

"నీళ్లు తాగు" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపు ఆ ముద్ర వైపే చూసి వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట నేను వెనక్కి తీసుకోగలిగితే నా పింఛను సగం ఇచ్చేస్తాను.

మూడో రోజు పొద్దున స్టేషన్లో ఒక కేసు కాగితం సంతకానికి వచ్చింది. అక్షరాలు వంకర్లు పోయి, గీత దిగి, కొక్కిరి బిక్కిరిగా ఉన్నాయి. కొత్త కానిస్టేబుల్ రాశాడేమో అనుకుని కసిరాను. తలుపు దగ్గర నిలబడ్డ హెడ్డు, "నేనే రాసిన సార్" అన్నాడు. మొహం చెమటతో తడిసిపోయింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, వణుకు కనపడకుండా.

తలుపు వేసి, భుజాన ఉన్న సంచిలోంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు. సీలు వేయడానికి ముందురోజు ఇంటికి తెచ్చుకున్న స్పెషల్ సీసా. మూత తీయలేదు.

"రెండు రాత్రులైంది సార్, కన్ను మూతపడక. గోడల మీద చీమలు పారుతున్నట్టు కనపడ్తున్నయి. గిది తాగాల్నని పానం గుంజుతున్నది. తాగే ముందట జర మీరు పరీక్ష చేసి చెప్పుర్రి. చెట్టు కల్లైతే తాగుత."

మా దగ్గర చిన్న పరీక్ష పెట్టె ఉంటుంది. గొట్టంలో కాస్త కల్లు పోసి, రసాయనం చుక్కలు వేస్తే, కల్తీ ఉంటే రంగు మారుతుంది. పోశాను. ఇద్దరం గొట్టం వైపే చూస్తున్నాం. రంగు మారింది. డిపో డ్రమ్ములో తీసిన శాంపిలుకు ఎంత ముదురు రంగు వచ్చిందో అంతే వచ్చింది.

"నాది గూడనా సార్?" అన్నాడు.

పాతికేళ్లకు పైగా కల్తీ పట్టుకున్న మనిషి ఆయన. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినని గొంతు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆయన్ని జీపులో కూర్చోబెట్టుకుని ప్రభుత్వ దవాఖానకు పోయాను. ఊరికి రెండు కిలోమీటర్ల దూరం, ఆరు మంచాలు. పోయేసరికి మంచానికి ఇద్దరున్నారు. కొందరికి మూర్ఛలు వచ్చాయి. కొందరు అర్థం లేకుండా తిడుతున్నారు. వరండాలో గొల్లామె ఉంది. ఆమె చేతులను ఆమె గొర్రెల పలుపుతోనే కిటికీ చువ్వకు కట్టేశాడు తమ్ముడు. లేని గొర్రెలను అదిలిస్తోంది. "హేయ్! చేన్ల పడుతున్నయి, మళ్లేయిరా!" అని అరుస్తోంది. గొంతు బొంగురుపోయింది. గాలి సోకిందని తమ్ముడు మెడలో తాయెత్తు కట్టించాడు.

నేను గ్లాసుతో నీళ్లు అందిస్తే తాగి, అక్కడికక్కడే కక్కింది. నీళ్లు తాగమన్నది నేనే కదా.

అక్కడి నర్సు ముస్లిం ఆవిడ, రిటైర్మెంటుకు దగ్గర పడింది. ఊరంతా సిస్టరమ్మ అంటారు. నన్ను చూడగానే చేతిలో ట్రే బల్ల మీద పడేసింది.

"వచ్చిన్రా ఎస్సై సాబ్? ఫోటో మంచిగొచ్చింది పేపర్ల. గిది గూడ తీయించుకోండ్రి. ఏండ్ల సంది రోజూ మందు పడ్డ పానం అది. ఒక్క పూటల బంద్ చేస్తే ఏమైతదో ఎవలన్న డాక్టర్ను అడిగిన్రా?"

అడగలేదు. తాళం ఎంత బరువుండాలో తెలుసు గానీ, ఈ సంగతి నాకు తెలియదు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అప్పటికే జిల్లా దవాఖానలో మానసిక వైద్యుడితో ఫోన్లో మాట్లాడి ఉంది. ఇది గాలి కాదు, పొగరు కాదు, మందు ఒక్కసారిగా ఆగితే వచ్చే జబ్బు. ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చేతి మీదుగా అదే జాతి మందు కొలిచి ఇచ్చి, వారం వారం తగ్గిస్తూ పోవాలి అని నాకు వివరించింది. మాత్రలు జిల్లా నుంచి వస్తున్నాయి. ఇబ్బంది మాత్రల్లో లేదు. తాగేవాళ్లలో దవాఖానకు వచ్చింది పడిపోయినవాళ్లే. మిగతావాళ్లు సిగ్గుతో రావడం లేదు. పిచ్చి మందు ఇస్తున్నారని ఊళ్లో పుకారు. మంచాల మీద ఉన్నవాళ్లు కూడా సాయంత్రం అయ్యేసరికి లేచి, సీలు వేసిన డిపో ముందు పోయి నిలబడుతున్నారు.

"వాళ్ల కాళ్లు అటే పోతయి సాబ్" అంది సిస్టరమ్మ. "కాళ్లు ఎటు పోతె మందు గూడ అటే పోవాలె. మీ డిపో తీయిండ్రి. ఆ అరుగుల మీదనే కూసోబెట్టి ఇస్త."

ఆ సాయంత్రమే పైకి ఉత్తరం రాశాను, ఫోన్ చేశాను. సీలు వేసిన జాగా తెరవాలంటే ఆర్డరు కావాలి. మా పై అధికారి మంచివాడే, భయస్థుడు.

"ఉత్తరం పైకి పంపించిన. ఆర్డరొచ్చేదాక ఆగు. లేకుంటే..." అని గొంతు తగ్గించాడు. "డిపో ఆయన కూడ వచ్చి కలిసిండు. జర చూసీ చూడనట్టుంటే, వెనక దర్వాజ నుంచి కొద్ది కొద్దిగ అమ్ముకుంటడట. జనం సల్లవడ్తరు. నీకు ఫికరుండదు."

"సార్, ముందు దర్వాజ తెరిచి మందియ్యనీకె ఆర్డరు కావాలె, వెనక దర్వాజ తెరిచి విషం పోయనీకె అక్కర్లేదా?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రోజు ఒక ముసలాయన కల్లు కోసం పక్క మండలం డిపోకు నడిచి పోతూ, దారిలో మూర్ఛ వచ్చి పడిపోయాడు. ఎండలో ఎంతసేపు పడి ఉన్నాడో ఎవరికీ తెలియదు. దవాఖానకు తెచ్చేసరికి పోయాడు. చట్టం ప్రకారం ఆ చావుకూ నాకూ సంబంధం లేదు. చట్టం సంగతి చట్టానిది. నేను ఆ ఇంటికి పోయాను. ఆయన కొడుకు నన్ను తిట్టలేదు, చాప వేసి కూర్చోమన్నాడు. చావు ఇంటి ఆనవాయితీ ప్రకారం చుట్టాలకు నోటి చేదు పోగొట్టడానికి కల్లు పోయాలి, ఏం పోయాలో తెలియక ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చెట్టు ఎక్కే గౌడు అప్పుడే దింపిన ఈత కల్లు ఒక కుండ తెచ్చి గడప దగ్గర పెట్టాడు. ఆ కుండ చూస్తుంటే, మా కల్లును మాకు కాకుండా చేసినవాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోయింది.

దవాఖానకు తిరిగి పోయేసరికి గొల్లామెకు రెండోసారి మూర్ఛ వచ్చి తగ్గింది. ఇంజెక్షన్‌తో నిద్రపోతోంది. "ఇంకొకపారి వస్తె చెప్పలేను" అంది సిస్టరమ్మ. తమ్ముడు మాత్రం గుట్ట మీది దర్గాకు తీసుకుపోతానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇక్కడ నలుగురూ చూస్తున్నారు, మా అక్కను పిచ్చిదంటున్నారు అని వాడి బాధ.

అయిదో రోజు పొద్దున హెడ్డును పిలిచాను. దవాఖానలో మొదటి రోజు ఒక మోతాదు తీసుకుని, అందరి ముందూ వరసలో నిలబడలేక మళ్లీ పోలేదాయన.

"అన్నా, డిపో తెరుస్తున్న. సీలు నేనే తీస్తున్న. నువ్వు పంచనామా రాయి."

"ఆర్డరొచ్చిందా సార్?"

"రాలే."

ఆయన పెన్ను తీసుకుని బయలుదేరాడు.

లక్క పగిలినప్పుడు చిన్న చప్పుడైంది. అంతకుముందు ఎప్పుడూ ఆ చప్పుడు వినలేదు నేను. లోపల పుల్లటి వాసన. కానిస్టేబుళ్లు నీళ్లు కొట్టి కడిగారు. డ్రమ్ములు ఒక గదిలో పెట్టి దానికి వేరే సీలు వేశాను. సిస్టరమ్మ బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, మాత్రలూ రిజిస్టరూ పెట్టింది. డాక్టరమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. టముకు వేయించాం. ఊరంతా వచ్చింది, రోడ్డుకు అవతలే ఆగిపోయింది, సీలు వేసిన రోజు ఆగినట్టే. గంట గడిచినా ఒక్కరు అడుగు వేయలేదు. ముందు ఎవరు పోతే వాళ్లు రోగి అని ఒప్పుకున్నట్టు కదా. డిపో యజమాని మోటార్ సైకిలు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"నేనిస్తె విషమట, సర్కారిస్తె మందట. పొడి ఒక్కటే గద ఎస్సై సాబ్!"

 సిస్టరమ్మ రిజిస్టరులోంచి తల కూడా ఎత్తలేదు.

"ఒక్కటే బిడ్డా. నువ్వు పెంచుకుంట పోతవు, నేను తగ్గించుకుంట పోత. గదే ఫరక్."

జనంలో కొందరు నవ్వారు గానీ కదలలేదు. అప్పుడు హెడ్డు రాస్తున్న పంచనామా మూసి నా చేతిలో పెట్టాడు. టోపీ తీశాడు, బెల్టు విప్పాడు, రెండూ దాని మీద పెట్టాడు. ఖాకీ చొక్కాతోనే నడిచి పోయి, గోడ మీద తన మచ్చ దగ్గర, రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఊరంతా చూస్తుండగా వణుకుతున్న చెయ్యి చాపాడు.

"సిస్టరమ్మా, నాకియ్యి. నేను గూడ ఈ డిపోలనే ఖరాబైన. సిగ్గువడి పండుకుంటె రెండు దినాలల్ల సచ్చిపోత."

ఆ మాట పెద్దగా అన్నాడు, రోడ్డు అవతలికి వినపడేలా. మూడు దశాబ్దాల నౌకరీలో సంపాదించుకున్న పరువంతా ఆ అరుగు మీద పెట్టేశాడు. నేను చూసిన ధైర్యాల్లో దాన్ని మించింది లేదు.

తరువాత ఒక ముసలమ్మ వచ్చింది. తరువాత ఇద్దరు కూలీలు. ఎవరి మచ్చ దగ్గర వాళ్లు కూర్చున్నారు. పొద్దెక్కేసరికి అరుగులు నిండాయి. ఎవరి సంగతీ ఎవరికీ దాచాల్సిన పని లేకపోయింది. గొల్లామె తమ్ముడు చాలాసేపు అదంతా చూసి, దర్గాకు మాట్లాడుకున్న ఆటోను దవాఖానకు మళ్లించి అక్కను డిపోకు ఎత్తుకొచ్చాడు. ఆమె సగం స్పృహలో ఉంది. తన చోట్లో ఆనుకోబెట్టాం. సిస్టరమ్మ మాత్ర వేసి నీళ్లు పట్టింది. ఈసారి ఆ నీళ్లు లోపల నిలిచాయి.

ఆ డిపో అట్లా మూడు నెలల పైన నడిచింది. అంతా సవ్యంగా జరిగిందని చెబితే అబద్ధం. కొందరు మాత్ర మింగి పోయి పక్క మండలంలో సీసా తాగి వచ్చారు. ఇద్దరు సగంలోనే మానేశారు, మళ్లీ కనపడలేదు. మోతాదు తగ్గించిన ప్రతిసారీ సిస్టరమ్మను తిట్టేవారు, ఆమె తిరిగి అంతకు రెట్టింపు తిట్టేది. సాయంత్రాలు ఊరికే కూర్చోలేక ఆడవాళ్లు అక్కడే కందులు చెరగడం మొదలుపెట్టారు. గౌడు సాయంత్రాలు వచ్చి మాటకు కూర్చునేవాడు. ఒక రోజు గొల్లామె గొంగడి వేసుకుని, గొర్రెలను డిపో ముందు ఆపి, లోపలికి వచ్చింది. నన్ను చూసి అంది.

"సారూ, నీళ్లు తాగుమంటివి గద. గిప్పుడు తాగుతున్న. ఇగ సాలు, నాకు మాత్ర ఇయ్యొద్దని సిస్టరమ్మకు చెప్పు."

"నన్ను తిట్టమ్మా" అన్నాను.

"తిట్టెటందుకు యాళ్ల యాడున్నది? గొర్లు చేన్ల పడ్తయి" అని వెళ్లిపోయింది. ఈసారి గొర్రెలు నిజంగానే ఉన్నాయి.

పిల్లలూ, ఇప్పుడు మీ కాలంలో గంజాయి చాక్లెట్లు వచ్చాయి, పేర్లు నోరు తిరగని బిళ్లలు వచ్చాయి. మీరు పట్టుకుంటారు, సీలు వేస్తారు, ఫోటో దిగుతారు. వేయండి. అమ్మేవాణ్ని వదలొద్దు, నేనూ వదల్లేదు; ఆ డిపో ఆయన జైలుకు పోయేదాకా వాయిదా వాయిదాకూ కోర్టు మెట్లు ఎక్కాను. కానీ లక్క కరిగించే ముందు, రేపు పొద్దున వీళ్లేం తాగాలి అని అడిగే మనిషి మీ ఎదుట నిలబడ్డ గుంపులోనూ ఉంటుంది. ఆమెకు జవాబు చెప్పండి. డాక్టరును వెంట తీసుకుపోండి. జవాబు లేకపోతే సీలు ఒక రోజు ఆలస్యం చేయండి, కొంపలేం మునగవు.

మెమో నాలుగో నెలలో వచ్చింది. పై అధికారుల అనుమతి లేకుండా సీలు పగలగొట్టి, సర్కారు స్వాధీనంలోని ఆవరణను ఇతర పనులకు వాడినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. జరిగింది తప్పేనని ఒక్క ముక్క రాస్తే మందలింపుతో వదిలేస్తామని కబురూ పంపారు. సంజాయిషీ రాసిపెట్టమని హెడ్డును అడిగాను. నేను చెప్పాను, ఆయన రాశాడు. "సీలు నేనే పగలగొట్టాను. పశ్చాత్తాపం లేదు. అవసరమైతే మళ్లీ పగలగొడతాను." అంతే, మూడు వాక్యాలు.

"ఇంకేమన్న రాయాల్నా సార్?" అన్నాడు.

కాగితం తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు, ఒక్క గీత దిగలేదు. మళ్లీ నాట్లేసిన మడే.

"ఇంకేం వద్దన్నా" అని, దాని కింద సంతకం పెట్టాను.